మందు అలవాటు

ఒక ఆదివారం పొద్దున పదకొండింటికి తెలియని నంబర్ నుంచి ఫోనొచ్చింది. లోన్ కావాలా అని అడిగేవాళ్ళేమో అనుకుని కట్ చేయబోయి, ఎందుకో ఎత్తాను. అవతలి గొంతు చాలా మర్యాదగా ఉంది. మా ఫ్లాట్‌మేట్ పేరు చెప్పి, వాళ్ళ చెల్లెలికి ఆ సంబంధం చూస్తున్నామని, తెలిసినవాళ్ళెవరో నా నంబర్ ఇచ్చారని, ఏమీ అనుకోవద్దని అన్నారు. "మీరైతే ఒకే ఇంట్లో ఉంటున్నారు కదండీ, మీకంటే బాగా ఇంకెవరికి తెలుస్తుంది?" జీతం చెప్పినంతేనా, అమ్మానాన్నలకి డబ్బులు పంపుతాడా, కోపం ఎక్కువా, ఒక్కొక్కటే అడిగారు. నేనూ చెప్పుకుంటూ పోయాను. చివర్లో గొంతు కాస్త తగ్గించి, "మరి... మందు అలవాటేమైనా ఉందాండీ?" అన్నారు.

"లేదండీ," అన్నాను.

నిజమే. వాడు బీరు కూడా ముట్టడు. కానీ వాడికి మందు అలవాటుంది. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి, పండగైనా జ్వరమొచ్చినా రిలీజ్ ఉన్నా, ఒక మాత్ర. తెలుగులో ఆస్పత్రిలో ఇచ్చేదీ మందే, బార్‌లో పోసేదీ మందే, పొలంలో కొట్టేదీ మందే. ఆయన అడిగింది ఒక మందు గురించి, నేను ఆ మందు గురించే జవాబిచ్చాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు బాల్కనీలో నిలబడ్డాను. నేను చెప్పింది నిజమా అబద్ధమా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. దాని గురించే రాస్తున్నాను.

వాడి పేరు రాయను. ఈ వ్యాసం వాడు చదివాడు. రెండు చోట్ల వివరాలు మార్చమన్నాడు, మార్చాను.

నాకు సంగతి తెలిసింది వాడు చెబితే కాదు, నా బద్ధకం వల్ల. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో డి విటమిన్ సరిపడా ఉన్నవాణ్ణి నేనింకా చూడలేదు. నాకూ తక్కువే ఉందని డాక్టర్ కాల్షియం మాత్రలు రాశారు. 2022 జులైలో ఒక శనివారం రాత్రి నా స్ట్రిప్ అయిపోయింది. బయట వర్షం. వాడి అలమరలో కాల్షియం సీసా ఉంటుందని తెలుసు. తెల్లగా, పొడుగ్గా, గొంతుకి అడ్డంపడేంత పెద్ద మాత్రలు. ఒకటి తీసి వేసుకున్నాను. అడగలేదు. చార్జర్లూ గొడుగులూ ఒక్కోసారి చొక్కాలూ అడక్కుండా వాడుకునే ఇంట్లో కాల్షియం మాత్రకి పర్మిషనేంటి?

మర్నాడు వాడు ఆ సీసాని మంచం మీద బోర్లించి లెక్కపెడుతున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"ఇందులోంచి ఏమైనా తీశావా?"

"ఒకటి వేసుకున్నా. రేపు కొనిస్తాలే."

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీకు ఒంట్లో బానే ఉందా?" అన్నాడు. అది కాల్షియం కాదనీ, హెచ్‌ఐవికి వాడే మాత్ర అనీ చెప్పాడు. అప్పుడు నేనడిగిన మొదటి ప్రశ్న, "నాకేమైనా అవుతుందా?" ఇద్దరం ముందు నా ఒంటి గురించే అడిగామన్నమాట. వాడిది అడగటానికి నాకు మరో గంట పట్టింది.

ఏమీ కాదన్నాడు. ఒక్క మాత్రకి ఏమీ కాదు. ఆస్పత్రిలో నర్సులకి పొరపాటున సూది గుచ్చుకుంటే, 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడమని ఇచ్చేది కూడా ఇవే మందులని చెప్పాడు. నా అదృష్టం, ఆ సీసాలో ఉన్నది అది. పెన్సిలిన్ పడని నాకు ఇంకేదో అయ్యుండొచ్చు. లేబుల్ ఒకటీ మాత్ర ఇంకొకటీ ఉన్న సీసా ఇంట్లో ఎవరికైనా ప్రమాదమే.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ రాత్రి రెండింటిదాకా నెట్‌లో చదివాను. గ్లాసుల వల్ల, కంచాల వల్ల, పక్కన పడుకోవడం వల్ల రాదని నాకు ఇంటర్‌లో ఉన్నప్పుడే తెలుసు. అయినా పొద్దున్నే వాడు కాఫీ తాగిన గ్లాసు రెండుసార్లు కడిగాను. సబ్బుతో. వాడు చూళ్ళేదనే అనుకున్నాను. ఈ వ్యాసం చదివి మార్చమన్న రెండు చోట్లలో ఇది లేదు. "అది ఉంచు," అన్నాడు.

ఎలా వచ్చిందని కూడా అడిగాను. చదువుతున్నవాళ్ళలో చాలామంది ఆ వాక్యం కోసమే ఎదురు చూస్తున్నారని తెలుసు. వాడు చెప్పలేదు. "అది మాత్రకి తెలియక్కర్లేదు రా. అన్ని రకాలుగా వచ్చినవాళ్ళకీ ఒకేలా పనిచేస్తుంది," అన్నాడు.

ఆ మాత్రలో మూడు మందులు కలిసి ఉంటాయి: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. మొదటి రెండూ వైరస్ తన ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా తిరగరాసుకోకుండా అడ్డుకుంటాయి. మూడోది, ఆ డీఎన్‌ఏ మన కణంలోని డీఎన్‌ఏలో కలిసిపోకుండా ఆపుతుంది. మూడెందుకంటే, ఈ వైరస్ తిరగరాసుకునేటప్పుడు తప్పులు దిద్దుకోదు. మా భాషలో చెప్పాలంటే, కోడ్ రివ్యూ లేకుండా రోజూ ప్రొడక్షన్‌లోకి తోసేసే టీమ్. చాలా తప్పులు వైరస్‌నే చంపేస్తాయి. ఏదో ఒకటి మాత్రం ఒక మందుకి లొంగని రకాన్ని పుట్టిస్తుంది. మిగతా రెండు మందులూ రక్తంలో నిండుగా ఉంటే ఆ రకం అక్కడే ఆగిపోతుంది. ఇవాళ వేసుకుని, రేపు మానేసి, మళ్ళీ నాలుగు రోజులు వేసుకుంటే దానికి సందు దొరుకుతుంది. అందుకే అప్పుడప్పుడూ వేసుకోవడం అనేది సగం మేలు కాదు, వేరే రకం కీడు.

పూర్తిగా నయమవ్వదా అంటే, ఇప్పటికి రోజువారీ మందుతో అవ్వదు. వైరస్ కొన్ని కణాల డీఎన్‌ఏలో చేరి, ఏమీ చేయకుండా ఏళ్ళ తరబడి పడుంటుంది. పని చేయనిదాన్ని ఈ మందులు పట్టుకోలేవు. మాత్రలు ఆపేస్తే చాలామందిలో కొన్ని వారాల్లోనే మళ్ళీ లేస్తుంది. అందుకే ఇది కోర్సు కాదు, జీవితాంతం అలవాటు.

వాడు నాకు చెప్పిన జాగ్రత్తలు చిన్నవే. ఒకే టైముకి వేసుకోవాలి. మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి గానీ మర్నాడు రెండు కలిపి మింగకూడదు. బాగానే ఉన్నాం కదా అని సొంతంగా ఆపకూడదు. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్ళు హఠాత్తుగా మానేస్తే లివర్ దెబ్బతింటుంది. క్షయ వచ్చి రిఫాంపిసిన్ వాడాల్సొస్తే డోలుటెగ్రావిర్ రోజుకి రెండుసార్లు ఇస్తారు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే దాని మోతాదు చూసుకోవాలి. ఇవన్నీ చెప్పి చివర్లో నవ్వాడు. "అన్నిటికంటే ముఖ్యం, దీంతో పాటు కాల్షియం వేసుకోకూడదు."

నిజంగానే. కాల్షియం, ఐరన్, గ్యాస్‌కి తాగే జెల్‌లో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం కడుపులో డోలుటెగ్రావిర్‌ని పట్టేసుకుని ఒంట్లోకి పోనివ్వవు. ఆ జెల్ తాగాలంటే దానికి రెండు గంటల ముందైనా, ఆరు గంటల తర్వాతైనా మాత్ర వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ అయితే నిండుగా భోజనం చేస్తూ రెండూ కలిపి వేసుకోవచ్చు, ఖాళీ కడుపున మాత్రం ఈ ఎడం పాటించాలి. అంటే వాడు తన మందుని సరిగ్గా దాని విరోధి పేరుతో దాచుకున్నాడు.

ఇది యాదృచ్ఛికం, నిజమే. కానీ అంతకు ముందు ఏడాది ఒకసారి వాడి వైరల్ లోడ్ పరీక్షలో అంకె కాస్త పెరిగింది. సెంటర్‌లో కౌన్సిలర్ అడిగారు, మాత్రలు మానేస్తున్నావా అని. లేదన్నాడు. ఆవిడ నమ్మలేదు. మళ్ళీ మొదట్నుంచీ క్రమశిక్షణ గురించి చెప్పారు, డైరీ రాసుకోమన్నారు. వాడు ఒక్క రోజు కూడా మానలేదు. ఆఫీసు క్యాంటీన్ తిండికి కడుపులో మంటగా ఉంటే రోజూ రాత్రి మెడికల్ షాపు నుంచి తెచ్చిన జెల్ తాగి, వెంటనే మాత్ర వేసుకునేవాడు. షాపతన్ని అడిగుంటే చెప్పేవాడేమో. అడగాలంటే ఏ మందుతో కలిపి తాగుతున్నాడో చెప్పాలి. ఆ షాపు మా వీధిలోనే ఉంది, అతను మా వాచ్‌మన్‌కి చుట్టం.

మందు సరిగ్గా వేసుకోవడాన్ని మనం రోగి గుణంగా చూస్తాం. క్రమశిక్షణ ఉన్నవాడు, లేనివాడు. డాక్టర్లు చెప్పే పాత లెక్క ప్రకారం నూటికి 95 మోతాదులైనా తప్పకుండా పడాలి. అంటే నెలకి ఒకటికి మించి పోకూడదు. కొత్త మందులు అంతకంటే కాస్త ఓర్పున్నవే అయినా, అలవాటు మాత్రం ఆ లెక్క మీదే నేర్పుతారు. సరే. కానీ ఆ జెల్ సంగతిలో తప్పింది వాడి క్రమశిక్షణా? తొమ్మిదిన్నరకి తప్పకుండా మింగాడు కదా. అక్కడ లోపించింది ఒక ప్రశ్న అడగగలిగే చోటు. ఆ చోటు లేకుండా చేసింది వాడొక్కడే కాదు. గ్లాసు రెండుసార్లు కడిగిన నేనూ, నాలాంటి ఇంకో వెయ్యిమందీ.

పుస్తకాల్లో 'సురక్షితంగా మందు వాడటం' అనే మాట చదివినప్పుడల్లా అది ఒకడు గదిలో కూర్చుని గ్లాసుడు నీళ్ళతో చేసే పనిలా ఉంటుంది. మాతో గోవా వచ్చినప్పుడు వాడు ఎనిమిది మంది పడుకున్న గదిలోంచి తొమ్మిదిన్నరకి లేచి, టిష్యూలో చుట్టిన మాత్ర జేబులో పెట్టుకుని, సిగరెట్ తాగడు గానీ సిగరెట్‌కనే చెప్పి బయటికెళ్ళేవాడు. వాడికి సిగరెట్ అలవాటుందని మాలో సగం మంది ఇప్పటికీ అనుకుంటారు.

రెండో వైపు కూడా చూడాలి. నేను మాత్ర తినేసిన ఆ జులైలోనే, ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఆఫీసు ముందు మందుల కొరత మీద హెచ్‌ఐవి ఉన్నవాళ్ళు నిరసనకి కూర్చున్నారు. నెల నెలా ఇచ్చే మందు కొన్ని చోట్ల వారానికీ పది రోజులకీ ఇచ్చి పంపిస్తున్నారని వాళ్ళ ఫిర్యాదు. మావాడికీ ఆ నెల పది రోజులకే ఇచ్చారు. మంచం మీద మూడుసార్లు లెక్కపెట్టింది అందుకు. పదిలో ఒకటి నేను తినేశాను. నా ఎముకల కోసం.

మన దేశంలో ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది. అది చిన్న విషయం కాదు, కోట్ల రూపాయల పని, లక్షల ప్రాణాలు. కానీ 2017లో వచ్చిన హెచ్‌ఐవి చట్టం చూడండి. ప్రభుత్వం ఈ మందులు అందించే చర్యలు తీసుకోవాలంటూ, మధ్యలో 'సాధ్యమైనంత మేరకు' అనే మాట పెట్టారు. బిల్లు దశలో హెచ్‌ఐవి ఉన్నవాళ్ళు ఆ మాట తీసేయమని గట్టిగా అడిగారు. తీయలేదు. రోగికి నూటికి 95, ప్రభుత్వానికి సాధ్యమైనంత మేరకు. మా ఉద్యోగాల్లో ఇలాంటి ఒప్పందం ఎవడైనా తెస్తే సంతకం పెట్టే మేనేజర్ ఉండడు.

ఇంకో సంగతి నాకు ఆ తర్వాతే తెలిసింది. ఆఫ్రికా దేశాలకి ఈ రకం మాత్రలు పంపే పెద్ద కంపెనీల్లో అరబిందో, హెటెరో, లారస్ మన హైదరాబాద్‌వే. 2017లో కుదిరిన ఒప్పందంతో ఈ మూడు మందుల మాత్ర ధర పేద దేశాలకి ఏడాదికి మనిషికి సుమారు 75 డాలర్లకి దిగింది. 2001లో సిప్లా తరఫున యూసుఫ్ హమీద్ అప్పటి మూడు మందుల్ని ఏడాదికి 350 డాలర్లకిస్తానన్నప్పుడు ప్రపంచం నోరు తెరిచింది, ఎందుకంటే అప్పటిదాకా అది పది వేల డాలర్ల పైమాట. లక్షల మందికి మాత్ర చేసి పెడుతున్న ఊళ్ళో, ఒకడు దాన్ని కాల్షియం సీసాలో దాచుకుంటున్నాడు.

ఇక ఆ 'లేదండీ' సంగతి.

అబద్ధం గురించి మనకి రెండు సంప్రదాయాలున్నాయి. ఒకటి హరిశ్చంద్రుడిది: కాటికాపరి పనికైనా పోతాను గానీ మాట తప్పను. రెండోది భాగవతంలో వామనుడికి దానమివ్వబోతున్న బలితో శుక్రాచార్యుడు అన్నది. ఏయే సందర్భాల్లో బొంకొచ్చో ఆయన ఒక జాబితా ఇస్తాడు. ఆ పద్యం నోటికి రాని తెలుగు మాస్టారు ఉండరు. అందులో పెళ్ళి ఉంది, ప్రాణం ఉంది, మానం ఉంది. నా సమస్యలో మూడూ ఉన్నాయి. శుక్రుడి లెక్క ప్రకారం నేను హాయిగా నిద్రపోవచ్చు. కానీ ఆ జాబితా ఎప్పుడూ బొంకేవాడి వైపు నుంచే రాసింది. పెళ్ళిలో అవతల కూర్చున్న అమ్మాయిని ఎవరూ అడగలేదు.

హరిశ్చంద్రుడి వైపు కూడా అంత తేలిక కాదు. మహాభారతం కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. ఎప్పుడూ నిజమే చెప్పాలని వ్రతం పట్టిన ఒక బ్రాహ్మడు. దొంగలు తరుముతుంటే కొందరు వచ్చి పొదల్లో దాక్కుంటారు. దొంగలడిగితే ఇటే పోయారని చెప్పేస్తాడు. దాక్కున్నవాళ్ళు చచ్చిపోతారు, కౌశికుడు నరకానికి పోతాడు. జర్మన్ తత్వవేత్త కాంట్ దాదాపు ఇదే ప్రశ్న మీద 1797లో ఒక వ్యాసం రాసి, తలుపు దగ్గర నిలబడ్డ హంతకుడికి కూడా అబద్ధం చెప్పే హక్కు లేదన్నాడు. నాకు కృష్ణుడే నచ్చాడు. కానీ ఫోన్‌లో ఉన్నాయన హంతకుడు కాదే. చెల్లెలి గురించి భయపడుతున్న అన్న. నాకూ చెల్లెలుంది.

ఇంకా, నేను చెప్పింది అబద్ధం కూడా కాదు. అది మరీ ఇబ్బంది. ధర్మరాజు ఏనుగు మాటని చిన్నగా అన్నందుకు, అప్పటిదాకా నేలకి నాలుగంగుళాల పైన నడిచిన ఆయన రథం కిందికి దిగిందట. నా రథం ఎప్పుడూ నేల మీదే ఉంది కాబట్టి తేడా తెలియలేదు.

ఇలాంటి ప్రశ్న మన కోర్టుల దాకా వెళ్ళింది. 1998లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన మిస్టర్ ఎక్స్ కేసులో, ఆస్పత్రి ద్వారా తన సంగతి బయటపడి పెళ్ళి ఆగిపోయిన ఒక డాక్టర్, గోప్యత తప్పినందుకు పరిహారం అడిగాడు. కోర్టు ఇవ్వలేదు. కాబోయే భార్య ఆరోగ్యం అతని గోప్యత కంటే పెద్దదంది. అంతటితో ఆగకుండా, జబ్బు నయమయ్యేదాకా ఇలాంటివాళ్ళ పెళ్ళి హక్కే నిలిచిపోయినట్టంది. 2002లో మళ్ళీ అదే కోర్టు, పెళ్ళి గురించిన ఆ మాటలు ఆ కేసుకి అనవసరమని పక్కన పెట్టింది. 1998 తీర్పు మొత్తం ఒక్క మాట మీద నిలబడుంది: ప్రమాదం. ఆమెకి సోకుతుంది, కాబట్టి ఆమెకి తెలియాలి.

ఆ మాట కింద నేల కదిలిపోయింది. 2019లో వచ్చిన పార్ట్‌నర్-2 అధ్యయనంలో, ఒకరికి హెచ్‌ఐవి ఉండి మందుతో వైరస్ అణిగి ఉన్న 782 పురుష జంటల్ని ఏళ్ళ తరబడి గమనించారు. కండోమ్ లేకుండా డెబ్భై వేలకి పైగా కలయికలు. ఆ భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు. అంతకు ముందు అధ్యయనంలో స్త్రీ పురుష జంటల్లోనూ అంతే. మందు సరిగ్గా పడి, పరీక్షలో వైరస్ కనబడని స్థాయిలో ఉంటే, శృంగారం ద్వారా అది అవతలివాళ్ళకి పోదు. మావాడి ఆఖరి మూడు పరీక్షలూ అలాంటివే. అలాంటప్పుడు నేను ఆ అన్నకి చెప్పాల్సిందేముంది? చెప్పనందువల్ల ఆ అమ్మాయికి ఏ జబ్బూ రాదు. చెబితే వాడికి ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మూడు రోజుల్లో వాళ్ళ ఊరంతా తెలుస్తుంది. 2017 చట్టం కూడా, నమ్మకంతో చెప్పిన ఇంకొకరి సంగతి బయటపెట్టమని ఎవర్నీ బలవంతపెట్టకూడదంటుంది. మా కేసులో వాడు నమ్మకంతో చెప్పలేదు, నేను దొంగతనంగా మింగి తెలుసుకున్నాను, అది వేరే విషయం.

ఇంతవరకూ నా వాదన గట్టిగానే ఉంది. తర్వాత ఒక ప్రశ్న దాన్ని పట్టుకుని వదల్లేదు. అదే మా చెల్లి సంబంధమైతే?

అయితే నాకు తెలియాలనే కోరుకుంటాను. ప్రమాదం లేదని తెలిసి కూడా. దీన్ని నేను చాలా రోజులు నా భయం అనుకున్నాను, గ్లాసు కడిగించిన భయమే మళ్ళీ వచ్చిందనుకున్నాను. కొంత అదే. కానీ పూర్తిగా అదే కాదు. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి తన పక్కనున్న మనిషి ఎందుకు లేచి వంటింట్లోకి వెళ్తున్నాడో తెలియకుండా ఒకామె ముప్పై ఏళ్ళు బతకడం, వైరస్ ఉన్నా లేకపోయినా, నాకు బాలేదు. పైగా ఆమెకి తెలియకపోతే ఆ మందు కూడా క్షేమంగా ఉండదు. పత్యం పేరుతోనో బలం పేరుతోనో ఆమె ప్రేమగా ఐరన్ టానిక్ పోస్తుంది. సీసా మారుస్తుంది. ఒకరోజు తలనొప్పికి అందులోంచి ఒకటి తనే వేసుకుంటుంది.

కాబట్టి ఆమెకి తెలియాలి. ఆమెకి. ఆమె అన్నకి కాదు, నా నోటి నుంచి కాదు. నేను ఇంతవరకే తేల్చుకోగలిగాను. ప్రమాదం ఉన్నప్పుడు నిజం ఎవరు చెప్పినా ఒకటే, నిప్పంటుకుందని ఎవడు అరిచినా నీళ్ళు తేవాల్సిందే. ప్రమాదం పోయాక మిగిలే నిజం అలాంటిది కాదు. దాన్ని ఎవరు చెప్పారన్నది అందులో భాగం.

ఆ సాయంత్రం వాడికి ఫోన్ సంగతి చెప్పాను. మందు అలవాటు గురించి అడిగారన్నాను. ముందు పగలబడి నవ్వాడు. తర్వాత చెప్పాను, ఇంకోసారి అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదని, నిశ్చితార్థంలోపు నువ్వే ఆ అమ్మాయికి చెప్పమని. అక్కడ గొడవైంది. "నీకేం రా, నిజం చెప్పమంటావు, దాని ఖర్చు కట్టేది నేను," అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నాలుగు రోజులు మాట్లాడుకోలేదు.

ఆ నాలుగు రోజుల్లో నేను దక్షిణాఫ్రికా గురించి చదువుతూ కూర్చున్నాను. మనిషితో మాట్లాడలేనప్పుడు చదవడం నా రోగం. అక్కడ జాకీ అక్మత్ అని ఒక ఉద్యమకారుడు, కేప్‌టౌన్ మనిషి. తనకి హెచ్‌ఐవి ఉందని 1998లోనే బయటికి చెప్పాడు. అధ్యక్షుడు ఎంబెకీకి అసలు ఈ వైరస్ వల్ల ఎయిడ్స్ వస్తుందా అనే అనుమానం, ఆరోగ్యమంత్రి వెల్లుల్లి, బీట్‌రూట్ తినమని సలహా. అక్మత్‌కి మందు దొరికే స్తోమత ఉంది. అయినా ప్రభుత్వాసుపత్రుల్లో పేదలందరికీ దొరికేదాకా తను వేసుకోనన్నాడు. మండేలా ఇంటికొచ్చి వేసుకోమని అడిగినా ఒప్పుకోలేదు. చివరికి 2003లో ప్రభుత్వం దిగొచ్చాక మొదలుపెట్టాడు. ఆ పని ఒప్పో తప్పో నాకు తెలియదు. బతికున్నాడు కాబట్టి మనకి గొప్పగా కనిపిస్తుందేమో.

నన్ను పట్టుకున్నది వాళ్ళ చొక్కా. ఉద్యమంలో అందరూ 'హెచ్‌ఐవి పాజిటివ్' అని పెద్దక్షరాలతో రాసున్న టీషర్టులు వేసుకునేవాళ్ళు, ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ. 2002లో మండేలా కూడా వేసుకున్నాడు. ఆయనకి హెచ్‌ఐవి లేదు. అంటే ఆ చొక్కా మీద ఉన్నది అబద్ధం. అంతమంది ఆ అబద్ధాన్ని తొడుక్కున్నారు కాబట్టి, నిజంగా ఉన్నవాడు వాళ్ళ మధ్య నిలబడగలిగాడు. శుక్రుడి జాబితాలో ఇది లేదు.

ఐదో రోజు ఇది వాడికి చెప్పాను, సంధికి అదే దొరికింది. "ఆయనకి ఉద్యమం ఉంది రా. నాకు పొద్దున తొమ్మిదింటికి స్టాండప్ ఉంది," అన్నాడు. కానీ రెండు వారాల తర్వాత ఆ అమ్మాయిని కాఫీకి పిలిచి చెప్పాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. ఆమె రెండే అడిగిందట: మందు రోజూ వేసుకుంటున్నారా, మీ ఇంట్లో ఎవరికి తెలుసు. మొదటిదానికి అవునన్నాడు. రెండోదానికి, ఇంట్లో ఎవరికీ తెలియదు, రూమ్మేట్‌కి తెలుసన్నాడు. ఆలోచించుకోవాలి అని వెళ్ళిపోయింది.

వారం తర్వాత మళ్ళీ ఆదివారం, అదే నంబర్. ఈసారి వెంటనే ఎత్తాను.

"ఏమీ అనుకోకండి, మీతో ఒక మాట చెప్పి పెడదామని చేశాను," అన్నారు వాళ్ళన్న. "అబ్బాయి బంగారమండీ, మాకందరికీ నచ్చాడు. కానీ జాతకాలు కుదర్లేదు. ముందు చూసినప్పుడు బాగానే ఉన్నాయన్నారు. మా చెల్లే పట్టుబట్టి ఇంకో పంతులుగారికి చూపించమంది. ఆయన వద్దే వద్దన్నారు. దానికి ఇలాంటివాటి మీద ఇంత పట్టింపు ఉందని మాకే తెలీదు. మీ ఫ్రెండ్‌ని వేరే విధంగా అనుకోవద్దని చెప్పండి."

"పర్లేదండీ," అన్నాను. "జాతకాలు ముఖ్యం కదండీ."

రాత్రి తొమ్మిదిన్నరకి వాడు సీసా మూత తీస్తుంటే చెప్పాను. మాత్ర మింగి, గ్లాసు పక్కన పెట్టి, కాసేపు ఊరుకున్నాడు.

"ఏ నక్షత్రం పడలేదన్నారు?" అని అడిగాడు.

నేను కనుక్కోలేదు.